సైనిక శిబిరాల్లో పాటకచేరీకి వెళ్లే ఆర్కెస్ట్రా బృందాలకు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు కేంద్రంగా ఆర్కెస్ట్రా నడుపుతూ సికింద్రాబాదు నుంచి లేహ్ వరకు సైనిక యూనిట్లలో కచేరీలు చేసిన మా బృందానికి కావలి, కందుకూరు, ఒంగోలు, మార్కాపురం వైపు కళాకారుల నుంచి వారానికి ఒకటి రెండు ఫోన్లు వస్తూనే ఉంటాయి. అడిగేవారు మారుతున్నా సందేహాలు మాత్రం అవే కనుక, ఒకచోట రాసి పెడితే ఇద్దరికీ శ్రమ తగ్గుతుందని ఈ పుట సిద్ధం చేశాము. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరకు వారు నేరుగా వెళ్లవచ్చు.

## పిలుపు వచ్చే దశ

మాది తిరునాళ్లలో, పెళ్లిళ్లలో పాడే చిన్న ఆర్కెస్ట్రా. మమ్మల్ని మిలిటరీ వాళ్లు ఎందుకు పిలుస్తారు?

పిలుస్తారు. ప్రతి యూనిట్‌కూ అది ఏర్పడిన రోజున జరుపుకునే రైజింగ్ డే ఉంటుంది. అది కాక జనవరి 15న సైనిక దినోత్సవం, డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవం, అక్టోబరు 8న వైమానిక దళ దినోత్సవం, సెప్టెంబరు 28న శతఘ్ని దళం వారి గన్నర్స్ డే, అక్టోబరు 15న సైన్యపు యంత్రాల మరమ్మతు విభాగమైన ఈఎంఈ వారి కోర్ డే ఉంటాయి. సినిమా తారలతో వచ్చే పెద్ద బృందాలు పెద్ద కంటోన్మెంట్లకే పరిమితం. మిగిలిన యూనిట్లకు రెండు బండ్లలో సరిపోయే ఎనిమిది, పది మంది బృందమే అనుకూలం. తెలుగువారు ఎక్కువగా ఉండే మద్రాస్ రెజిమెంటు, బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ ఇంజనీర్ గ్రూపు వంటి చోట్ల ఉగాదికీ సంక్రాంతికీ తెలుగు పాట కోసమే వెదుకుతారు. మా మొదటి పిలుపు, సెలవు మీద వచ్చి జొన్నవాడ తిరునాళ్లలో మా పాట విన్న ఒక హవల్దారు ద్వారా వచ్చింది. గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట వైపు పల్లెల నుంచి సైన్యంలో చేరినవారు చాలామంది కాబట్టి, మీ శ్రోతల్లోనూ అటువంటివారు ఉండే ఉంటారు.

ఇందుకోసం ఏ ఆఫీసుకు వెళ్లి అడగాలి? జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పని అవుతుందా?

ఆ కార్యాలయం మాజీ సైనికుల, వారి కుటుంబాల సంక్షేమం కోసం ఉన్నది. కచేరీలు కుదర్చడం దాని పని కాదు. అయితే డిసెంబరు 7న జరిగే సాయుధ దళాల పతాక దినోత్సవంలో పాడితే మాజీ సైనికులతో పరిచయాలు ఏర్పడతాయి. వెనుకటి తరంలో కేంద్ర ప్రభుత్వమే ఈ పని చేసేది. 1954లో ఏర్పడిన సాంగ్ అండ్ డ్రామా డివిజన్‌లో, సరిహద్దు ప్రాంతాల జవాన్లను అలరించడానికి 1967 నుంచి ప్రత్యేక వినోద బృందాలు ఉండేవి. 2017లో ఆ డివిజన్‌ను ఇతర ప్రచార విభాగాలతో కలిపేశారు. ఇప్పుడు ప్రభుత్వ మార్గం కావాలంటే తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రంలోనూ, నాగపూర్‌లోని దక్షిణ మధ్య మండల సాంస్కృతిక కేంద్రంలోనూ కళాకారులుగా నమోదు చేసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ రెండింటి పరిధిలోనూ ఉంది. నేరుగా యూనిట్‌కు రాయదలిస్తే లేఖను యూనిట్ కార్యాలయ వ్యవహారాలు చూసే అధికారి అయిన అడ్జుటెంట్ పేరిట పంపి, దానితో పాటు పది నిమిషాల వీడియో ఒకటి జత చేయండి. గంట వీడియో పంపితే ఎవరూ చూడరు.

ఆర్మీ ఆఫీసర్‌నని ఒకాయన ఫోన్ చేసి, అడ్వాన్సు పంపడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమంటున్నారు. నమ్మవచ్చా?

నమ్మకండి, ఫోన్ పెట్టేయండి. ఇది పాత మోసం. కేటరింగ్ వారిని, డాక్టర్లను, ఇళ్లు అద్దెకిచ్చేవారిని ముంచిన ఇదే పద్ధతితో ఇప్పుడు ఆర్కెస్ట్రాల జోలికి వచ్చారు. యూనిఫాం ఫొటో, గుర్తింపు కార్డు, క్యాంటీన్ కార్డు వాట్సాప్‌లో పంపి నమ్మకం కలిగిస్తారు. ఆ కార్డులు ఎవరి దగ్గరో కొట్టేసినవి. తరువాత "మిలిటరీ ఖాతా పద్ధతి వేరు, ముందు మీరు ఒక రూపాయి పంపితే మేము రెండింతలు వేస్తాము" అంటారు. సొమ్ము అందుకోవడానికి స్కాన్ చేయనక్కరలేదు, యూపీఐ పిన్ కొట్టనక్కరలేదు. ఆ రెండూ సొమ్ము పంపడానికే. మా రిథమ్ ప్యాడ్ వాయించే కుర్రాడు ఈ మాటలకే పండగ ముందు వారం రోజుల సంపాదన పోగొట్టుకున్నాడు. నిజమైన యూనిట్ నుంచి అధికారిక లేఖ గానీ ప్రభుత్వ ఈమెయిల్ గానీ వస్తుంది, తేదీ తేల్చుకోవడానికి తొందరపెట్టదు. పొరపాటున డబ్బు పోతే ఆ గంటలోనే 1930కు ఫోన్ చేయాలి. ఆలస్యమయ్యే కొద్దీ సొమ్ము ఖాతాలు మారిపోతుంది.

పెళ్లి కచేరీకి తీసుకునే మొత్తమే అడగవచ్చా?

అడగవచ్చు కానీ సాధారణంగా అంత రాదు. యూనిట్లు ఇటువంటి ఖర్చును రెజిమెంటు నిధి నుంచి పెట్టుకుంటాయి, ఆ నిధి పరిమితం. దానికి బదులు రానుపోను ప్రయాణం, బస, భోజనం వారే చూసుకుంటారు. ఫోన్‌లో ఎంత మర్యాదగా మాట్లాడుకున్నా, ప్రయాణ తరగతి, ఎంతమంది, ఎన్ని గంటల కార్యక్రమం, సౌండ్ ఎవరిది, కార్యక్రమం రద్దయితే దారి ఖర్చు ఎవరిది అనే ఐదు విషయాలను లేఖలో రాయించుకోండి. మధ్యలో ఏజెంటు ఉంటే ఇంకా జాగ్రత్త. ఒకసారి మాకూ యూనిట్‌కూ మధ్య నిలిచిన ఏజెంటు మా పారితోషికంలో సగం తానే ఉంచుకున్నాడని, తిరుగు రైలు ఎక్కాక గానీ మాకు తెలియలేదు.

## పత్రాలు, అనుమతులు

గేటు దాటడానికి ఏయే కాగితాలు కావాలి?

బృందంలో ప్రతి ఒక్కరి ఆధార్ నకలు, ఫొటో, ఫోన్ నంబరు, వాద్యాలు, ఇతర పరికరాల జాబితా, సొంత బండి అయితే దాని నంబరు, డ్రైవరు వివరాలు కనీసం రెండు వారాల ముందే యూనిట్‌కు పంపాలి. కొన్నిచోట్ల స్థానిక పోలీసుల ధ్రువీకరణ కూడా అడుగుతారు. పేరు పంపిన మనిషే వెళ్లాలి. ఢోలక్ వాయించే ఆయనకు జ్వరం వచ్చిందని ఆఖరి రోజున ఆయన బావమరిదిని తీసుకువెళితే, ఆ బావమరిది గేటు బయట టీ కొట్టులో కూర్చోవలసిందే. అందుకే మేము మొదటి జాబితాలోనే ఇద్దరు అదనపు వాద్యకారుల పేర్లు చేర్చి పంపుతాము. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, రైలు టిక్కెట్టులో మరోలా ఉంటే ముందే సరిచూసుకోండి.

ఈశాన్య రాష్ట్రాలకు వెళ్లాలంటే మిలిటరీ పిలుపు లేఖ సరిపోతుందా?

సరిపోదు. అరుణాచల్ ప్రదేశ్, నాగాలాండ్, మిజోరం రాష్ట్రాలకు, 2019 చివరి నుంచి మణిపూర్‌కు కూడా, ఇతర రాష్ట్రాల వారు ఇన్నర్ లైన్ పర్మిట్ తీసుకోవాలి. 1873 నాటి బ్రిటిష్ రెగ్యులేషన్ నుంచి వచ్చిన పద్ధతి ఇది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. యూనిట్ లేఖ జతచేస్తే పని సులువవుతుంది. అస్సాంకు అది అవసరం లేదు కాబట్టి, గౌహతిలో దిగాక చూసుకుందాములే అనుకునేవారు అక్కడే చిక్కుకుంటారు.

మా అమ్మాయి గాయని. ఆడపిల్లను మిలిటరీ క్యాంపుకు పంపడం క్షేమమేనా?

తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే కనుక మా అనుభవం ఉన్నదున్నట్లు చెబుతాము. అర్ధరాత్రి దాటాక తాగినవారు వేదిక దగ్గరకు తోసుకువచ్చి నోట్లు విసిరే కొన్ని తిరునాళ్ల వేదికల కన్నా, క్రమశిక్షణ ఉన్న ఈ సభల్లో మా గాయనులు నిశ్చింతగా పాడారు. ముందు వరుసల్లో అధికారులు, వారి కుటుంబాలు కూర్చుంటారు. వెనుక ఉన్నవారెవరూ హద్దు మీరరు. అలాగని ఏర్పాట్లు వదిలేయకూడదు. మహిళలకు వేరు గది, లోపలి గడియ ఉన్న స్నానాలగది, వేదిక వెనుక దుస్తులు మార్చుకునే చోటు లేఖలోనే అడగండి. ఇద్దరు మహిళలకు తక్కువ కాకుండా వెళ్లండి. శానిటరీ ప్యాడ్లు ఊరి నుంచే తీసుకువెళ్లండి; మారుమూల పోస్టుల దగ్గర దుకాణం ఉండదు. ఎక్కడికైనా విడిగా రమ్మని ఎవరు పిలిచినా, ఎంత పెద్ద హోదావారైనా, బృంద నాయకుడి ద్వారానే పిలవమని చెప్పాలి.

## పాటల ఎంపిక

అక్కడ అందరికీ హిందీ. మా తెలుగు పాటలు వింటారా?

వింటారు, కానీ పాళ్లు తెలియాలి. మిశ్రమ యూనిట్ అయితే సగానికి పైగా హిందీ, తక్కిన దానిలో తెలుగు, తమిళం, పంజాబీ, నేపాలీ ఉండేలా మేము జాబితా వేసుకుంటాము. ఏ రెజిమెంటుకు వెళుతున్నామో తెలిస్తే ఆ ప్రాంతపు జానపదం ఒక్కటైనా నేర్చుకొని వెళ్లాలి. ఉచ్చారణలో తప్పు దొర్లినా క్షమిస్తారు, ప్రయత్నమే చేయకపోతే గుర్తుంచుకుంటారు. గూర్ఖా బెటాలియన్‌లో మా గాయకుడు నేపాలీ జానపదంలో రెండు చరణాలే నేర్చుకొని, అవే మూడుసార్లు తిప్పి తిప్పి పాడితే, వెనుక వరుసలన్నీ లేచి ఆడాయి. లయ తెలిసిన తెలుగు పాటకు భాష రానివారు కూడా చప్పట్లు వేస్తారు. నిదానపు మెలొడీకి మాత్రం భాష కావాలి. నెల్లూరుకు చెందిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం హిందీలోనూ పాడారు కాబట్టి ఆయన పాటలతో రెండు భాషలనూ కలుపుకోవచ్చు. సినిమాల్లో స్థిరపడక ముందు ఆయన కూడా ఇళయరాజా సోదరులతో కలిసి ఇటువంటి బృందమే నడిపారన్న సంగతి మా కుర్రవాళ్లకు ప్రతి ప్రయాణంలో గుర్తుచేస్తుంటాను.

సైనికుల ముందు కదా, అన్నీ దేశభక్తి గీతాలే పెట్టుకుంటే మేలు కదా?

కాదు. కొత్త బృందాలు చేసే మొదటి తప్పు ఇదే. ఏడాది పొడవునా దేశభక్తి గురించి వింటూ, దాని కోసమే కాపలా కాస్తున్నవారికి ఆ సాయంత్రం కావలసింది ఊరి పాట, పెళ్లి పాట, కాలేజీ రోజుల పాట. మొదట ఒకటి, చివర ఒకటి చాలు. వీరమరణం, తల్లి ఎదురుచూపు వంటి గీతాలు మరీ జాగ్రత్తగా పాడాలి. ఆ మధ్యనే సహచరుణ్ణి పోగొట్టుకున్న యూనిట్‌లో అటువంటి పాట సభ మొత్తాన్ని మౌనంలోకి నెట్టేస్తుంది, ఆ తరువాత ఏ పాటా లేవదు. అందుకే వేదిక ఎక్కే ముందు, జవాన్ల బాగోగులు తెలిసిన సుబేదార్ మేజర్‌ను పక్కకు పిలిచి, ఇటీవల ఏమైనా జరిగిందా అని నెమ్మదిగా అడుగుతాము.

మిమిక్రీ, కామెడీ, డ్యాన్సు పెట్టవచ్చా?

పెట్టవచ్చు. రాజకీయ నాయకుల అనుకరణ, మతం, కులం, ప్రాంతం మీద హాస్యం, ముఖ్యంగా సర్దార్జీ జోకులు పూర్తిగా మానేయాలి. మీ ఎదురుగా నవ్వుతూ కూర్చున్నవారిలో సగంమంది సిక్కులు కావచ్చు. రికార్డింగ్ డ్యాన్సుల బాణీ కుటుంబాలు కూర్చున్న సభకు నప్పదు. డ్యాన్సర్లకు సైనిక నమూనా దుస్తులు వేయకండి. సైనికుడని నమ్మించేలా ఆ దుస్తులు ధరించడం చట్టం ప్రకారం నేరం. ఆ ఉద్దేశం లేకపోయినా, గేటు దగ్గర సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

సినిమా పాటలు పాడితే కాపీరైట్ ఇబ్బంది వస్తుందా?

వేదిక మీద పాడడానికి కావలసిన అనుమతిని సాధారణంగా కార్యక్రమం నిర్వహించేవారు, పాటల హక్కుదారుల తరఫున రుసుము వసూలు చేసే ఐపీఆర్ఎస్ సంస్థ నుంచి తీసుకుంటారు. ఆ బాధ్యత ఎవరిదో లేఖలో స్పష్టం చేసుకుంటే చాలు. ఆ పాటను రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టడం వేరే హక్కు, దానికి ఈ అనుమతి వర్తించదు.

## ప్రయాణం

ఇన్ని వాద్యాలు రైల్లో ఎలా తీసుకువెళ్లాలి?

స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ టిక్కెట్టుకు 40 కిలోల వరకు ఉచితం. కీబోర్డు, గిటార్లు, తబలా, రిథమ్ ప్యాడ్ మనతోనే బోగీలో ఉండాలి. స్పీకర్లు, డ్రమ్ సెట్టు ఉంటే పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి బ్రేక్ వ్యానులో వేయించాలి. చెన్నై నుంచి కత్రా వెళ్లే అండమాన్ ఎక్స్‌ప్రెస్ నెల్లూరు, ఒంగోలు మీదుగానే జమ్మూకు పోతుంది కాబట్టి ఉత్తరాది ప్రయాణాలకు మేము దానినే ఎంచుకుంటాము. మధ్యలో రైలు మారితే బ్రేక్ వ్యానులోని సామాను మనతో పాటు మారుతుందన్న హామీ లేదు. నెల్లూరులో రైలు ఆగేది కొద్ది నిమిషాలే. ఎవరు ఏ పెట్టె పట్టుకోవాలో ప్లాట్‌ఫారం మీదే పంచుకోకపోతే, ఒకసారి మాకు జరిగినట్లు, మనుషులంతా ఎక్కి తబలా ఒకటి బెంచీ మీదే ఉండిపోతుంది. దాన్ని కిటికీలోంచి అందించిన సమోసాల కుర్రాణ్ణి ఇప్పటికీ తలచుకుంటాము.

విమానంలో అయితే?

పవర్ బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ పెట్టెలో వేయకూడదు. కార్డ్‌లెస్ మైకుల బ్యాటరీలు తీసి విడిగా పెట్టండి. గిటారు తీగలు కాస్త వదులు చేసి, గట్టి పెట్టెలోనే వేయండి. తబలా సుత్తిని చేతి సంచిలో పెడితే తనిఖీలో తీసేస్తారు.

లేహ్ వంటి ఎత్తైన చోట పాడగలమా? ఊపిరి ఆడదంటారు, నిజమేనా?

నిజమే, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రమట్టాన పుట్టి పెరిగిన మనకు అక్కడ మెట్లు ఎక్కినా ఆయాసం వస్తుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్లుండడం, నిద్ర పట్టకపోవడం మొదటి గుర్తులు. విమానం దిగిన రోజున, మరుసటి రోజున రిహార్సల్ కూడా పెట్టుకోకుండా పడుకోవాలి. సైన్యం తన జవాన్లనే 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య ఆరు రోజులు అలవాటు పడనిచ్చి, అంతకు పైకి వెళ్లేటప్పుడు ఇంకొన్ని రోజులు ఆపుతుంది. మనం వారికన్నా గట్టివాళ్లము కాము. గుండె జబ్బు, ఉబ్బసం, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు ఆ ప్రయాణం పెట్టుకోకూడదు. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బందికి వాడే మాత్రలు ఊరి డాక్టరును అడిగే వేసుకోవాలి. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి తప్పక చెప్పాలి. దిగగానే యూనిట్ వైద్య పరీక్షల గది అయిన ఎంఐ రూములో బీపీ, ఆక్సిజన్ చూస్తారు. తలనొప్పి ఉంటే దాచకుండా చెప్పండి.

ఇక పాట సంగతి. మా గాయని మొదటిసారి అక్కడ, ఊళ్లో అలవోకగా పాడే పల్లవి సగంలోనే ఊపిరి తెగి మైకు పక్కకు తిప్పుకుంది. కోరస్ వారు అందుకోబట్టి పరువు దక్కింది. ఆ తరువాత నుంచి ఒక స్వరం గానీ ఒకటిన్నర స్వరం గానీ శ్రుతి దించి, పొడుగు ఆలాపనలు తీసేసి, ఇద్దరు గాయకుల మధ్య చరణాలు పంచి, ప్రతి రెండు పాటలకూ ఒక వాద్య సంగీతం పెట్టుకుంటున్నాము. వాద్యాలు కూడా మొరాయిస్తాయి. పొడి గాలికి ఢోలక్ తోలు బిగిసి శ్రుతి ఎక్కుతుంది, చలికి వేణువు శ్రుతి దిగుతుంది, కీబోర్డు ఉన్నచోటనే ఉంటుంది. మూడింటినీ కలపాలంటే వేణువును చంకలో పెట్టి వెచ్చబరచుకుంటూ, ఢోలక్ తాళ్లు వదులు చేసుకుంటూ ఉండాలి. విశాఖ, అండమాన్ల సముద్రపు తేమలో ఇందుకు విరుద్ధంగా తబలా వదులవుతుంది, సుత్తి చేతిలోనే ఉండాలి. జైసల్మేరు వైపు అయితే ఇసుక మిక్సర్ ఫేడర్లలోకి దూరుతుంది, పాత పట్టుపంచె ఒకటి కప్పడానికి తీసుకువెళ్లండి.

తిండి ఎలా ఉంటుంది? మనకు అన్నం లేకపోతే గడవదు.

రోటీ, పప్పు, రాజ్మా, బంగాళాదుంప కూర, గుడ్డు, ఒక పూట మాంసం. అన్నం కూడా పెడతారు. ఎత్తైన చోట నీరు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది కాబట్టి కుక్కరు లేకుండా అన్నం ఉడకదు. మొలగొలుకుల బియ్యం మోసుకెళ్లి ఫలితం లేదు. గోంగూర పచ్చడి, ఆవకాయ, కందిపొడి చాలు. ఒక సీసా అదనంగా పట్టుకెళ్లండి, అక్కడి తెలుగు జవాన్లు మొదటి పూటకే ఖాళీ చేస్తారు. నూనె పైకి తేలే సీసాను చేతి సంచిలో పెడితే విమానాశ్రయంలో ఆపేస్తారు, కాబట్టి దాన్ని చెక్-ఇన్ పెట్టెలోనే మూటకట్టండి.

అక్కడ మా ఫోన్లు పనిచేస్తాయా?

జమ్మూ కశ్మీర్, లడఖ్‌లలో ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. బృందంలో ఇద్దరికైనా అది ఉండేలా చూసుకొని, ఆ రెండు నంబర్లు అందరి ఇళ్లలో ఇచ్చి బయలుదేరండి.

## శిబిరంలోనూ వేదిక మీదా

ఏడింటికి అంటే ఎన్నింటికి మొదలుపెట్టాలి?

ఏడింటికే. వారి లెక్కలో 1900 అవర్స్ అంటే 18.55కు అంతా సిద్ధమై ఉండాలని అర్థం. సౌండ్ చెక్ మధ్యాహ్నమే ముగించాలి, సభ నిండాక "హలో మైక్ టెస్టింగ్" వినిపించకూడదు. అదే విధంగా ముగింపు వేళ కూడా కచ్చితం. ఆ తరువాత బడా ఖానా ఉంటుంది, అధికారులు, జవాన్లు కలిసి భోంచేసే విందు అది. జనం "వన్స్ మోర్" అన్నా, నిర్వాహకుడు సైగ చేస్తేనే అదనపు పాట పాడండి.

ఎవరిని ఎలా పిలవాలి?

అధికారులను సర్, వారి కుటుంబ మహిళలను మేడమ్ అంటారు. నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్ హోదాల వారిని అందరూ సాబ్ అంటారు, కమాండింగ్ ఆఫీసర్ కూడా అలాగే పిలుస్తారు. జనరేటరు, పరుపులు, వేడి నీళ్లు, బండి ఏది కావాలన్నా పని జరిగేది ఈ సాబ్‌ల ద్వారానే. వేదిక మీద నుంచి "జై హింద్" అంటే చాలు. మనం సెల్యూట్ కొట్టడం అవసరం లేదు, బాగుండదు కూడా.

కరెంటు, సౌండ్ వాళ్లే చూసుకుంటారా?

కంటోన్మెంటు ఆడిటోరియంలో అయితే బాగానే ఉంటుంది. మారుమూల చోట జనరేటరు మీద వోల్టేజి ఎగుడుదిగుడుగా ఉంటుంది. కీబోర్డుకు, మిక్సర్‌కు సొంత స్టెబిలైజరు, పొడుగాటి ఎక్స్‌టెన్షన్ బాక్సులు రెండు తీసుకువెళ్లాలి. స్పీకర్లలో గుయ్యిమనే శబ్దం వస్తే ముందు ఎర్తింగ్ చూడండి. తీగలు జవాన్లు సాయంగా కలుపుతామన్నా మీ సౌండ్ మనిషే కలపాలి.

ఫొటోలు, రీల్స్ తీసుకోవచ్చా?

అనుమతి ఇచ్చినవారు చూపిన చోట, చూపిన దిక్కుకే తీసుకోవాలి. గేటు, బండ్లు, బోర్డులు, కొండల వరుస, ఆయుధం ఏదీ వెనుక కనపడకూడదు. యూనిట్ పేరు, ఊరి పేరు, తేదీ పోస్టులో రాయకూడదు. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆపేయాలి. అక్కడ ఉండగా ఏదీ పెట్టకూడదు. కొన్నిచోట్ల ఫోన్లు గేటు దగ్గరే తీసుకుంటారు. జవాన్ల ముఖాలు కనిపించే వీడియో అసలు పెట్టవద్దు. మా బృందం ఫేస్‌బుక్ పేజీలో ఈ కచేరీల ఫొటోలు లేకపోవడానికి కారణం ఇదే.

చీటీల మీద పాటలు అడుగుతారు. అన్నీ పాడాలా?

అన్నీ పాడలేము, కానీ ప్రతి చీటీ చదవాలి. చీటీలో పాట పేరు కన్నా కింద రాసినది ముఖ్యం. ఒకసారి చలిలో చేతొడుగులతోనే రాసినందువల్ల కాబోలు, వంకర అక్షరాలతో తెలుగులో ఒక చీటీ వచ్చింది. పాట పేరు లేదు. "మాది ఉదయగిరి పక్కన. మా ఊరి పేరు మైకులో చెప్పండి అన్నా, చాలు" అని ఉంది. మా యాంకరు ఆ ఊరి పేరు చదివి, ఉదయగిరి కొండ, దుర్గం గురించి రెండు ముక్కలు చెప్పగానే, చివరి వరుసలో ఒక చేయి లేచి చాలాసేపు అలాగే ఉండిపోయింది. అప్పటి నుంచి మేము సభకు ముందే సాబ్ దగ్గర తెలుగువారి ఊళ్ల జాబితా అడిగి తీసుకుంటున్నాము. పాటల జాబితా కన్నా దానికే ఎక్కువ సమయం పెడతాము. ఇంటిపేర్లు, కుటుంబ వివరాలు మాత్రం మైకులో చదవకండి. ప్రేమ సందేశాలు ఉన్న చీటీని యాంకరు జేబులో వేసుకోవడమే మంచిది.

మందు ఇస్తే తీసుకోవాలా?

మర్యాదగా వద్దని చెప్పవచ్చు, ఎవరూ నొచ్చుకోరు. ఎత్తైన చోట అది ప్రాణం మీదకు తెస్తుంది. క్యాంటీన్ సీసా ఊరికి తీసుకువస్తే దారిలో ఎక్సైజ్ కేసు.

చివర జాతీయగీతం మేమే వాయించాలా?

ముందే అడగండి. వారి బ్యాండు వాయించేటట్లయితే మీరు నిటారుగా నిలబడితే చాలు. మీరే వాయించాలంటే పూర్తి గీతం సుమారు 52 సెకన్లలో ముగియాలి. రిథమ్ ప్యాడ్ దరువు, కీబోర్డు అలంకారాలు వద్దు.

కార్యక్రమం మధ్యలో ఆపేయమంటే?

వెంటనే ఆపాలి, కారణం అడగకూడదు. మాకు రెండుసార్లు జరిగింది. ఒకసారి మూడో పాట మధ్యలో సగం సభ లేచి రెండు నిమిషాల్లో బయటకు వెళ్లిపోయింది. మిగిలినవారి కోసం అడ్జుటెంట్ చెప్పాక మళ్లీ మొదలుపెట్టాము. ఎక్కడికి వెళ్లారని మేము అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

## తిరిగి వచ్చాక

డబ్బు ఎప్పుడు వస్తుంది? పన్ను పట్టుకుంటారా?

బిల్లు, పాన్ నకలు, బ్యాంకు వివరాలు ఇస్తే సాధారణంగా ఖాతాలోకే వస్తుంది, కొన్ని వారాలు పట్టవచ్చు. చెల్లింపును కాంట్రాక్టుగా చూపితే వ్యక్తికి 1 శాతం, వృత్తి సేవగా చూపితే 10 శాతం మూలంలోనే పన్ను కోయవచ్చు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. కోసినది రిటర్ను వేసి తిరిగి పొందవచ్చు. ఏడాది ఆదాయం 20 లక్షల రూపాయలు దాటని బృందానికి జీఎస్టీ నమోదు అక్కరలేదు. దాటినవారికి ఒక తేడా ఉంది. బుర్రకథ, హరికథ వంటి జానపద, శాస్త్రీయ కళలకు లక్షన్నర వరకు పారితోషికం మీద మినహాయింపు ఉంది. సినిమా పాటల ఆర్కెస్ట్రాకు లేదు.

జవాన్లు ఇంటికి ఏమైనా ఇచ్చి పంపితే తీసుకురావచ్చా?

అడుగుతారు, ముఖ్యంగా మన జిల్లాల వారు. సీలు వేసిన పొట్లం, మందు, యూనిఫాం సామగ్రి తీసుకోకండి. మన ఎదుటే విప్పి చూపిన తినుబండారాలు, పిల్లల స్వెటర్లు వంటివి సాబ్‌కు చెప్పి తీసుకోవచ్చు. చిరునామా, ఇంటివారి ఫోన్ నంబరు రాయించుకొని, ఊరు చేరిన వారంలోనే అందజేయండి. లేహ్ నుంచి ఎండు ఆప్రికాట్లు ఒక కిలో గిద్దలూరు దగ్గరి పల్లెకు తీసుకువెళ్లినప్పుడు, ఆ తల్లి పొట్లం పక్కన పెట్టి, అబ్బాయి సన్నబడ్డాడా, చలికి చేతులు పగిలాయా అని అడిగింది. అందుకే ఏదైనా తీసుకునేటప్పుడు ఆ మనిషిని ఒకసారి సరిగ్గా చూసి రండి. ఇంటి దగ్గర అడుగుతారు.